ఫ్యూజు, గడ్డపార, ఎర్తు: ధర్మవరం – తాడిమర్రి మెట్టసీమలో రేడియో విద్యుద్రక్షణ చరిత్ర

వ్యాససంగ్రహం:

తెలుగునాట రేడియో చరిత్రను గురించి వచ్చిన రచనల్లో ఎక్కువ భాగం ప్రసార కేంద్రాలను, నాటకాలను, సంగీతాన్ని, ప్రసంగాలను పట్టించుకున్నాయి. ఆ ప్రసారం వినిపించిన పెట్టె ఏ కరెంటుతో నడిచింది, ఎందుకు మూగబోయింది అన్న ప్రశ్న మాత్రం పక్కన ఉండిపోయింది. బ్యాటరీ రేడియోల కాలం నుంచి ట్రాన్సిస్టర్ పరికరాల కాలం వరకు పవర్ సప్లై భాగంలో ఫ్యూజు నిర్వహించిన పాత్రను, అధిక వోల్టేజి నుంచి రక్షణకు జరిగిన ప్రయత్నాలను, ఈ క్రమంలో ప్రజల భాషలో స్థిరపడిన మాటలను ధర్మవరం, తాడిమర్రి, హిందూపురం, పెనుకొండ ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఫ్యూజు వోల్టేజిని గుర్తించదనీ, కరెంటును మాత్రమే గుర్తిస్తుందనీ తెలియజేసే సాంకేతిక సత్యం ఈ చరిత్రకు కేంద్రబిందువు.

కీలకపదాలు: రేడియో, ఫ్యూజు, అధిక వోల్టేజి, న్యూట్రల్, ఎర్తు, తాడిమర్రి, ధర్మవరం, ఆకాశవాణి.

1. ఉపోద్ఘాతం:

తాడిమర్రి పేరులో రెండు చెట్లున్నాయి. నేలలో మాత్రం తడి తక్కువ. 1882లో బళ్లారి నుంచి విడివడి ఏర్పడిన అనంతపురం జిల్లాలో ఇది ధర్మవరం ప్రాంతానికి చెందిన ఊరు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమలో వేరుసెనగ, బోరుబావి, ధర్మవరం వైపు పట్టుమగ్గం ప్రధాన జీవనాధారాలు. వాన కబురు కోసం, ధరల కోసం, పాట కోసం రేడియో మీద ఆధారపడిన జనం ఇక్కడ తక్కువేమీ కాదు. గుంతమగ్గంలో కాళ్లు పెట్టి పొద్దంతా కూర్చునే నేతపనివానికి చేతులు, కళ్లు రెండూ పనిలో ఉంటాయి. ఖాళీగా ఉండేది చెవి ఒక్కటే. పత్రిక, సినిమా చేయలేని పనిని రేడియో చేసింది అందుకే.

ఆ రేడియో పాడైతే మెకానిక్కు మొదట అడిగే మాట ‘ఫీజు చూసినారా?’ అని. ఫ్యూజు అనే ఆంగ్లపదం జనవ్యవహారంలో ‘ఫీజు’ అయింది. బడిలో కట్టే రుసుముకూ అదే మాట. ఈ సమానోచ్చారణ కేవలం వినోదం కాదు. దాని అంతరార్థం ఆరో విభాగంలో చర్చకు వస్తుంది. ముందుగా తేల్చుకోవలసింది: ఫ్యూజు దేన్ని కాపాడుతుంది?

2. కరిగే తీగ:

ఫ్యూజు పుట్టింది దీపాల కోసం కాదు, వార్తల కోసం. 1847లో ఫ్రాన్సుకు చెందిన లూయీ బ్రెగే టెలిగ్రాఫ్ కేంద్రాలకు వచ్చే తీగలో కొంత భాగాన్ని సన్నని తీగతో కలపాలని సూచించాడు. పిడుగు పడితే ఆ సన్నని ముక్క కరిగిపోయి లోపలి పరికరం మిగులుతుందని అతని ఆలోచన. అంటే ప్రసారసాధనాన్ని ఆకాశవిద్యుత్తు నుంచి రక్షించడమే ఫ్యూజు తొలి కర్తవ్యం. 1880లో ఎడిసన్ దీపాల వలయానికి దాన్ని అన్వయించి పేటెంటు పొందాడు. 1884లో బ్రిటిష్ తంతితపాలా శాఖ ఇంజనీరు విలియం ప్రీస్ ఏ మందం తీగ ఎంత కరెంటుకు కరుగుతుందో ప్రయోగాలతో లెక్క కట్టడం మొదలుపెట్టాడు. తీగ వ్యాసాన్ని ఒకటిన్నర ఘాతానికి పెంచి, లోహాన్ని బట్టి మారే ఒక స్థిరాంకంతో గుణించాలని ఆయన సూత్రం. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుంటే రాగికి ఆ స్థిరాంకం సుమారు 80.

ఈ సూత్రంలో ఎక్కడా వోల్టేజి లేదు. తీగను కరిగించేది దానిలో ప్రవహించే కరెంటు పుట్టించే వేడి. ఆ వేడి కరెంటు వర్గానికి, అది నిలిచిన కాలానికి అనులోమంగా ఉంటుంది. 230 వోల్టుల స్థానంలో 300 వచ్చినా, దానివల్ల కరెంటు ఫ్యూజు పరిమితిని దాటకపోతే ఫ్యూజు నిమిత్తమాత్రంగా ఉండిపోతుంది. మరొక సంగతి: 1 ఆంపియర్ అని రాసి ఉన్న ఫ్యూజు 1 ఆంపియర్ వద్ద పోదు, అంతవరకు మోయగలదని ఆ అంకెకు అర్థం. సాధారణ గాజు ఫ్యూజు రెండింతల కరెంటుకు కూడా నిమిషాల తరబడి నిలవగలదు. రేడియో చరిత్రలో జరిగిన నష్టాల్లో అధికభాగం ఈ రెండు విషయాలు తెలియకపోవడం వల్ల జరిగినవే.

3. కరెంటు లేని ఊళ్లలో రేడియో:

ఈ ప్రాంతం మీద రెండు వైపుల నుంచి రేడియో తరంగాలు ప్రసరించాయి. మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో 1924లో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టింది. ఆర్థిక ఇబ్బందులతో 1927లో అది మూతపడగా, 1930లో మద్రాసు నగరపాలక సంస్థ ఆ పనిని కొనసాగించింది. 1938 జూన్ 16న మద్రాసు ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. పడమటి వైపు, మైసూరు మహారాజా కళాశాలలో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడైన ఎం.వి. గోపాలస్వామి 1935లో తన ఇంట్లో 30 వాట్ల ప్రసారిణితో ఒక కేంద్రం నెలకొల్పాడు. ‘ఆకాశవాణి’ అన్న పేరు ఆ కేంద్రానిదే. మైసూరు సంస్థానం సరిహద్దును ఆనుకొని ఉన్న హిందూపురానికి ఆ పేరు ఢిల్లీ కంటే ముందు మైసూరు నుంచి వచ్చిందన్న మాట. 1948 డిసెంబరు 1న విజయవాడ, 1963లో కడప, 1991లో అనంతపురం కేంద్రాలు వచ్చాయి. నడుమ కాలంలో రేడియో సిలోన్ తెలుగు ప్రసారాలకు ఉన్న ఆదరణ వేరే చెప్పనక్కరలేదు.

ప్రసారం ఊళ్లకు చేరిన నాటికి కరెంటు చేరలేదు. అందువల్ల తొలి గ్రామీణ రేడియోలు బ్యాటరీలతో నడిచాయి. వాల్వు రేడియోకు రెండు రకాల విద్యుత్తు కావాలి. వాల్వులోని సన్నని తంతువును వేడిచేయడానికి 1.5 వోల్టులు, ప్లేటుకు 90 వోల్టులు. రెండింటినీ ఒకే అట్టపెట్టెలో బిగించిన పెద్ద డ్రై బ్యాటరీలు అప్పట్లో అమ్మేవారు. ఇంతకుముందు కాలపు రేడియోలకైతే సీసపు పలకల అక్యుములేటర్ వాడేవారు. దాన్ని ఛార్జింగు కోసం కరెంటున్న పట్టణానికి మోసుకుపోవలసి వచ్చేది.

ఈ దశలో అధిక వోల్టేజి బయటి నుంచి రాదు. ప్రమాదమంతా పెట్టె లోపలే ఉంది. 90 వోల్టుల తీగ పొరపాటున 1.5 వోల్టుల తీగను తాకితే నాలుగు వాల్వుల తంతువులూ ఒక్క క్షణంలో మాడిపోతాయి. కొత్త బ్యాటరీ తగిలించేటప్పుడు చీకట్లో ప్లగ్గు తారుమారు చేసినా అదే ఫలితం. నాలుగు వాల్వులంటే రేడియో ధరలో చెప్పుకోదగిన భాగం. అందుకే ప్లగ్గు పిన్నులను తలకిందులుగా తగిలించడానికి వీల్లేకుండా వేర్వేరు ఆకారాల్లో చేశారు. దానికి తోడు 90 వోల్టుల రుణధ్రువం దారిలో ఒక టార్చిలైటు బల్బును బిగించే పద్ధతి కూడా ఉండేది. ఆ వాల్వుల తంతువులు ఒక్కొక్కటి 50 లేదా 100 మిల్లీఆంపియర్లు తీసుకునేవి. ప్లేటు దారిలో మామూలుగా పోయే కరెంటు పది పదిహేను మిల్లీఆంపియర్లు మాత్రమే కనుక బల్బు వెలగదు. షార్టయినప్పుడు బల్బే మాడి వాల్వులను కాపాడుతుంది. గాజు ఫ్యూజు దొరకని చోట కూడా టార్చిబల్బు దొరుకుతుంది. బ్రెగే ఉద్దేశానికి ఇంత చవకైన, ఇంత నమ్మకమైన అనువర్తనం ఆ తరవాత రేడియో చరిత్రలో మళ్లీ కనిపించదు.

1956లో పుణె పరిసరాల్లో 150 గ్రామాల్లో ఆకాశవాణి, యునెస్కో కలిసి నిర్వహించిన గ్రామీణ రేడియో వేదికల ప్రయోగం, 1959 తరవాత దేశమంతటా జరిగిన దాని విస్తరణ ప్రసిద్ధమైనవి. ఊరంతా ఒకచోట కూడి విని, విన్నదాన్ని చర్చించుకోవడం ఆ పథకం స్వరూపం. ఇటువంటి సామూహిక శ్రవణంలో ఒక రేడియో మూగబోతే ఒక ఇల్లు కాదు, ఊరే మూగబోతుంది. పంచాయతీ రేడియో మరమ్మతుకు పోయి నెలలు గడవడం గురించి ఊళ్లలో పెద్దలు చెప్పుకునే మాటల్ని ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి.

4. గోడలోంచి వచ్చిన కరెంటు:

1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడింది. గ్రామాలకు స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు చేరడం, వాటితోపాటు బోరు మోటార్లు రావడం ఆ తరవాతి దశాబ్దాల కథ. 1956 నాటి భారత విద్యుత్ నియమావళి 54వ నియమం ప్రకారం వినియోగదారునికి అందే లో వోల్టేజి సరఫరా ప్రకటిత స్థాయికి అటు ఇటు 6 శాతం మించి తేడా ఉండరాదన్నది అప్పటి నిబంధన. 230 వోల్టులకు ఈ హద్దులు దాదాపు 216, 244. తయారీదార్లు రేడియోలను ఈ హద్దులను నమ్మి తయారు చేశారు. ఊళ్లలో వాస్తవం వేరు. పగలు మోటార్లన్నీ తిరుగుతుంటే దీపం మిణుకుమిణుకుమంటుంది; దాన్ని జనం ‘డిమ్ము’ అన్నారు. మోటార్లు ఒక్కసారిగా ఆగిపోయిన వేళ అదే తీగలో వోల్టేజి ఎగబాకుతుంది. త్రీఫేజు సరఫరా కొన్ని గంటలకే పరిమితమై, మిగిలిన వేళల్లో సింగిల్ ఫేజు వచ్చే ఏర్పాటులో కెపాసిటర్లు తగిలించి మోటార్లు నడపడం రైతులకు అలవాటయింది. పైరు ఎండుతుంటే నియమావళి చదివే ఓపిక ఎవరికుంటుంది? అయితే దాని ప్రభావం ఫేజుల సమతూకం మీద పడింది.

వాల్వు రేడియోలో దీని ఫలితాన్ని లెక్కలో చూడవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ ద్వితీయ చుట్ట 250 వోల్టులిస్తే రెక్టిఫయర్ తరవాతి కెపాసిటర్ శిఖర విలువకు, అంటే సుమారు 354 వోల్టులకు చేరుతుంది. సరఫరా 20 శాతం పెరిగితే అది 424 అవుతుంది. రేడియో వేసిన వెంటనే పరిస్థితి మరింత తీవ్రం. నేరుగా వేడెక్కే రెక్టిఫయర్ వాల్వు క్షణాల్లో పని మొదలుపెడుతుంది. మిగతా వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం కరెంటు తీసుకునే దిక్కు లేక వోల్టేజి మొత్తం కెపాసిటర్ మీద నిలుస్తుంది. 350 వోల్టుల కెపాసిటర్ వేసిన రేడియో అక్కడే చెడుతుంది. 6.3 వోల్టులకు రూపొందిన హీటరు 7.5 వోల్టులతో వెలిగి ఆయుష్షు కోల్పోతుంది. ఈ రెండు నష్టాలూ జరుగుతున్నప్పుడు ఫ్యూజు చలించదు. కెపాసిటర్ చెడి షార్టయ్యాకే అది పోతుంది. అంటే యజమాని చూసిన ‘ఫీజు పోవడం’ రోగం కాదు, రోగం ముదిరిందన్న చాటింపు. ఫ్యూజు మార్చగానే రేడియో పలుకుతుందని ఆశించినవారు రెండో ఫ్యూజు కూడా పోగొట్టుకున్నది ఇందువల్లనే.

రేడియోల వెనక 110, 200, 220, 240 అని రాసి ఉన్న వోల్టేజి మార్పు బిళ్లను చాలామంది ఎన్నడూ ముట్టి ఉండరు. వోల్టేజి ఎక్కువగా ఉండే ఊరిలో దాన్ని 240 మీద ఉంచడం ఖర్చులేని రక్షణ. తక్కువ వోల్టేజి వేళ రేడియో గట్టిగా పలకాలని 200కు మార్చి, రాత్రి అలాగే వదిలేయడం దానికి పూర్తి విరుద్ధం. ఒకే బిళ్ల రక్షకమూ, భక్షకమూ అయింది.

అన్నింటికన్నా ఘోరమైనది న్యూట్రల్ తెగడం. త్రీఫేజు లైనులో నాలుగో తీగ అయిన న్యూట్రల్ తెగితే, రెండు వేర్వేరు ఫేజుల మీద ఉన్న ఇళ్లు 400 వోల్టుల నడుమ వరసగా కలిసినట్లవుతాయి. ఒక ఇంట్లో 50 వాట్ల రేడియో, మరో ఇంట్లో 750 వాట్ల ఇస్త్రీపెట్టె మాత్రమే ఉన్నాయనుకుందాం. రేడియో నిరోధం సుమారు 1058 ఓములు, ఇస్త్రీపెట్టెది దాదాపు 70 ఓములు. 400 వోల్టుల్లో రేడియో వాటాకు 375 వోల్టులు వస్తాయి. తక్కువ కరెంటు వాడే బీదింటి మీద ఎక్కువ వోల్టేజి పడడం ఈ లోపం స్వభావం! ఇక్కడ రేడియోలో పారే కరెంటు ఎంత? ట్రాన్స్‌ఫార్మర్ లేని, హీటర్లన్నీ సీరియల్ బల్బుల దండలా కూర్చిన ఏసీ–డీసీ రేడియో అయితే 0.22 ఆంపియర్ల నుంచి 0.35కు పెరుగుతుంది. 1 ఆంపియర్ ఫ్యూజు దానికి వెచ్చనైనా కాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రేడియోలో ఇనుపగుండు సంతృప్తమై కరెంటు బాగా పెరుగుతుంది కనుక ఫ్యూజు పోవచ్చు. కానీ అప్పటికే ఎంతో కొంత నష్టం జరిగిపోతుంది.

ఇక ఫ్యూజు బదులు వేసిన వస్తువుల చరిత్ర వేరు. గాజు ఫ్యూజు పట్టణంలో దొరుకుతుంది, పల్లెలో దొరకదు. దాంతో పోయిన ఫ్యూజు మీద సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టడం, వైరులోంచి ఒక పోగు తీసి రెండు కొనలకు బిగించడం సర్వసాధారణమయ్యాయి. పద్నాలుగు ముప్పైఆరు అని ఎలక్ట్రీషియన్లు పిలిచే వైరులో 36వ గేజి పోగులు 14 ఉంటాయి. ఒక్కో పోగు వ్యాసం 0.193 మిల్లీమీటర్లు. ప్రీస్ సూత్రం ప్రకారం అది కరగడానికి దాదాపు 7 ఆంపియర్లు కావాలి. రేడియో వాడేది 0.22. అంటే ‘ఒక్క పోగే కదా’ అని వేసిన తీగ అవసరానికి ముప్పై రెట్లు మందం. ట్రాన్స్‌ఫార్మర్ కాలి పొగ వచ్చినా ఆ పోగు చెక్కుచెదరదు. పోగు వేసినవారిని నిందించడం సులభం. సాయంత్రం వాతావరణ సమాచారం వినవలసిన రైతుకు, బస్సెక్కి ధర్మవరం పోయి అర్ధరూపాయి ఫ్యూజు తెచ్చుకోవడానికి ఒక పూట కూలి పోతుందన్న లెక్క కూడా అక్కడ ఉంది.

5. ఎండిన నేలలో ఎర్తు:

వాల్వు రేడియోకు బయట ఎత్తుగా కట్టిన ఏరియల్, నేలలో దిగిన ఎర్తు ఉంటేనే దూరపు కేంద్రం స్పష్టంగా వినిపిస్తుంది. ఆ ఏరియలే పిడుగుకు దారి. వేసవి చివర, తిరిగి అక్టోబరులో ఉరుములతో వచ్చే వానల్లో ఏరియల్‌ను స్విచ్చితో నేరుగా ఎర్తుకు కలిపేయడం ఆనాటి పద్ధతి. అయితే ఎర్తు పనిచేయాలంటే నేలకు తడి కావాలి. ఎర్రటి గరుసు నేలలో, వేసవిలో, కడ్డీ పాతినంత మాత్రాన భూమితో సంబంధం కుదరదు. గుంత తీసి బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, అప్పుడప్పుడు నీళ్లు పోయడం అందుకే. తాగునీటికి బిందెలు వరస కట్టే ఊళ్లలో ఎర్తు గుంతకు నీళ్లు పోయమనడం ఎంత కష్టమైన సలహానో ఊహించవచ్చు. 1970ల నుంచి ప్రచారంలోకి వచ్చిన లోహభస్మపు వేరిస్టరు ఈ సమస్యకు పాక్షిక పరిష్కారం. వోల్టేజి హద్దు దాటగానే అది తనలోంచి కరెంటును పారిస్తుంది. క్షణికమైన పోటును అది మింగగలదు. న్యూట్రల్ తెగి 375 వోల్టులు నిలకడగా వస్తే మాత్రం, ముందు తగిన ఫ్యూజు లేకుంటే అదే కాలిపోతుంది.

6. గడ్డపార, గునపం, ఫీజు:

వాల్వు మొండిది; కాసేపు హింసను ఓర్చుకుంటుంది. ట్రాన్సిస్టర్‌కు ఆ ఓర్పు లేదు. సిలికాన్ పొర మైక్రోసెకన్లలో చెడుతుంది; ఫ్యూజు కరగడానికి మిల్లీసెకన్లు పడుతుంది. ఫ్యూజును కాపాడడానికి ట్రాన్సిస్టర్ ముందుగా ప్రాణం ఇస్తుందని మెకానిక్కుల హాస్యం. ట్రాన్సిస్టర్లు, ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు వచ్చిన తరవాత రేడియో పరికరాల పవర్ సప్లైలో అధిక వోల్టేజి రక్షణ స్వతంత్ర అంశంగా రూపొందింది.

జేబు ట్రాన్సిస్టర్‌కు సెల్లులు చాలు కనుక దానికి ఈ బెడద లేదు. ఈ సమస్య ప్రసార–గ్రాహక సెట్లు వాడే పోలీసు వైర్‌లెస్ వంటి శాఖలది, హామ్ రేడియోవారిది. వారి సెట్లు సాధారణంగా 13.8 వోల్టులతో నడుస్తాయి. కారు బ్యాటరీ ఛార్జింగులో ఉన్నప్పటి వోల్టేజి అది. ఇంటి కరెంటు నుంచి దీన్ని తయారు చేసే పవర్ సప్లైలో ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్ కలిసి సుమారు 20 వోల్టులు ఇస్తాయి. 2ఎన్3055 వంటి పెద్ద ట్రాన్సిస్టర్ మిగులును తనలో వేడిగా ఖర్చుచేసి 13.8 మాత్రమే బయటికి వదులుతుంది. 1960ల చివర వచ్చిన 723 రకం నియంత్రణ చిప్పు దానికి కాపలాదారు. ఈ ట్రాన్సిస్టర్ చెడితే చాలాసార్లు తెగదు, షార్టవుతుంది. మోరీ తలుపు మూసుకుపోవడం కాదు, ఊడిపోవడం లాంటిదది. 20 వోల్టులు నేరుగా ఖరీదైన సెట్టులోకి పోతాయి. సెట్టు ఎక్కువ కరెంటు తీసుకునే లోపే లోపలి భాగాలు మాడిపోతాయి.

దీనికి కనిపెట్టిన ఉపాయం విచిత్రమైనది. వోల్టేజి 15 దాటగానే ఒక జీనర్ డయోడు మేల్కొని ఎస్‌సిఆర్ అనే అర్ధవాహక స్విచ్చును ప్రేరేపిస్తుంది. ఎస్‌సిఆర్ పవర్ సప్లై రెండు కొనలను షార్టు చేసేస్తుంది. సెట్టు మీద వోల్టేజి మైక్రోసెకన్లలో ఒకటి రెండు వోల్టులకు పడిపోతుంది. షార్టు వల్ల పోటెత్తిన కరెంటుకు ఫ్యూజు పోతుంది. అంటే ఫ్యూజుకు అర్థంకాని వోల్టేజి భాషను దానికి అర్థమయ్యే కరెంటు భాషలోకి అనువదించే యంత్రం ఇది. తెలుగు శాఖవారికి ఈ పోలిక రుచిస్తుంది కనుక ఇంకొంచెం చెప్పవచ్చు: ఇది మూలానికి హాని చేసే అనువాదం, ఫ్యూజు అనే పాఠకుడు అర్థం చేసుకున్న క్షణమే మరణిస్తాడు.

ఈ ఏర్పాటును ఇంగ్లీషులో ‘క్రోబార్’ అంటారు. రెండు లావుపాటి విద్యుద్వాహక పట్టీల మీద ఇనుప గడ్డపారను అడ్డంగా పడేసి సరఫరాను ఆపేయడం అన్న మొరటు ఊహ దాని వెనుక ఉంది. తెలుగులో గడ్డపార, గునపం అన్న మాటలు రెండూ ఉన్నా సాంకేతిక వ్యవహారంలో ‘క్రోబార్ సర్క్యూట్’ అనే స్థిరపడింది. ఎస్‌సిఆర్ 1950ల చివర అమెరికాలో మార్కెట్టుకు వచ్చాకనే ఈ ఊహ చిన్న సర్క్యూట్ రూపం దాల్చగలిగింది. దీనికీ ఇబ్బందులున్నాయి. ప్రసారం చేసేటప్పుడు సొంత యాంటెనా నుంచి వచ్చే రేడియో తరంగాలు తీగల్లో చేరి, వోల్టేజి పెరగకుండానే ఎస్‌సిఆర్‌ను లేపేస్తాయి. ఏ దోషమూ లేకుండా ఫ్యూజు పోతుంది. గేటు వద్ద చిన్న కెపాసిటర్ పెట్టి దీన్ని నివారిస్తారు. అలా మాటిమాటికీ పోయే ఫ్యూజుతో విసిగి లావు ఫ్యూజు వేస్తే, నిజమైన దోషం వచ్చిన రోజు ఫ్యూజు నిలిచి ఎస్‌సిఆర్ కాలిపోతుంది. పల్లె రైతు వేసిన రాగిపోగు కథే ఇక్కడ ఉన్నత విద్యావంతుల బల్ల మీద పునరావృతమైంది.

తెలుగునాట హామ్ రేడియోకు సంస్థాగత రూపం ఇచ్చింది 1983లో ఎస్. సూరి నాయకత్వంలో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉండగానే సునామీ వచ్చింది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఆ బృందం అందించిన అత్యవసర సమాచార సేవ ప్రసిద్ధం. ఇటువంటి వేళల్లో విద్యుత్తు జనరేటర్ల నుంచి, వాహనాల బ్యాటరీల నుంచి వస్తుంది. భారం మారినప్పుడల్లా జనరేటర్ వోల్టేజి ఊగిసలాడుతుంది. మనుషుల ఆచూకీ చెప్పవలసిన సెట్టు ఆ ఊపులో కాలిపోతే రెండో సెట్టు దొరకదు. అధిక వోల్టేజి రక్షణకు నిజమైన విలువ అక్కడ తెలుస్తుంది.

ఇక ఉపోద్ఘాతంలో వదిలేసిన ‘ఫీజు’ దగ్గరికి రావాలి. ఇంజనీరుకు ఫ్యూజు రక్షణసాధనం. పల్లె జనానికి అది అధికారచిహ్నం కూడా. బిల్లు కట్టని ఇంటికి వచ్చి శాఖవారు చేసే పని ‘ఫీజు పీకడం’. పీకిన ఫ్యూజు తిరిగి రావాలంటే డబ్బు కట్టాలి. రుసుము అనే ఫీజు కట్టకపోతే కట్‌ఔట్‌లోని ఫీజు పోతుంది. రెండు మాటలు ఒకే ఉచ్చారణలో కలిసిపోవడానికి జీవితానుభవం కూడా తోడైంది. కరెంటు పోతే ఫిర్యాదు చేసే కార్యాలయానికి ‘ఫ్యూజు కాల్ ఆఫీసు’ అనే పేరు. దిగ్భ్రాంతి చెందినవాణ్ని గురించి ‘వాడికి ఫీజులు ఎగిరిపోయినాయి’ అనే నేటి వ్యవహారంలోనూ ఎగిరేది రక్షణే, మిగిలేది చీకటి. కాపాడేదిగా ఫ్యూజును స్మరించే జాతీయం మాత్రం తెలుగులో ఏర్పడలేదు. ఈ లోటు భాషది కాదు. ఊరికి ఫ్యూజు పరిచయమైన తీరులోనే అది ఉంది.

7. చిల్లకొండయ్యపల్లి:

2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించాక ఫ్యూజు పీకే సన్నివేశం పొలంలో తగ్గింది. తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు పెరిగాయి. 2014 రాష్ట్ర విభజనతో అనంతపురం జిల్లా పంపిణీ బాధ్యత తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత సంస్థకు మారింది. రేడియో ఈలోగా సెల్‌ఫోనులోకి వెళ్లిపోయి ఛార్జరు మీద బతుకుతోంది. గోడలోని కరెంటును 5 వోల్టులుగా మార్చే ఆ చిన్న డబ్బీలో ఫ్యూజు పని చేసేది చాలావరకు ఒక చిన్న నిరోధకం. పోతే డబ్బీనే పారేస్తారు. వెనకటి మెకానిక్కు అడిగే ప్రశ్న అడిగేవారు లేరు.

లైను మీద మాత్రం ప్రశ్న అలాగే ఉంది. 2022 జూన్ 30 ఉదయం తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర వ్యవసాయ కూలీలతో పోతున్న ఆటో మీద హైటెన్షన్ తీగ తెగిపడింది. ఐదుగురు మహిళలు సజీవదహనమయ్యారు. స్తంభం మీద ఉడుత వల్ల షార్టు సర్క్యూట్ జరిగి తీగ తెగిందని విద్యుత్ సంస్థ అధికారులు వివరించారు. ఆ వివరణ రాష్ట్రమంతటా విమర్శకు, వ్యంగ్యానికి గురైంది. ఉడుతలు, పక్షులు ఇన్సులేటరు దగ్గర తీగకూ ఇనుప భాగానికీ మధ్య వంతెన కావడం విద్యుత్ ఇంజనీర్లకు కొత్త విషయం కాదు. అయితే ఆ వివరణ తీగ ఎందుకు తెగిందన్న దానికి సమాధానం. తెగిన తీగలో కరెంటు ఎందుకు నిలిచి ఉందన్నది మరొక ప్రశ్న.

రెండో ప్రశ్నకు సంబంధించిన భౌతికశాస్త్రం ఈ వ్యాసంలో మొదటి నుంచీ ఉన్నదే. 11 కిలోవోల్టుల లైనులో ఒక ఫేజుకూ భూమికీ మధ్య ఉండేది సుమారు 6350 వోల్టులు. తెగిన తీగ ఎండిన నేల మీద పడి, తాకిడి నిరోధం 500 ఓములుంటే, పారే కరెంటు 13 ఆంపియర్లకు కొంచెం తక్కువ. పదుల సంఖ్యలో మోటార్లను మోసే ఫీడరుకు అది మామూలు భారంలో ఒక భాగంగానే కనిపిస్తుంది. ఎక్కువ కరెంటు పారితే తెరుచుకోవాలని అమర్చిన ఫ్యూజుకైనా, రిలేకైనా అక్కడ తప్పు జరిగినట్లు తెలియదు. తడినేల మీద పడిన తీగ కంటే పొడినేల మీద పడిన తీగ ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. ఇటువంటి దోషాన్ని అధిక నిరోధ దోషం అంటారు. దాన్ని గుర్తించడానికి భూమిలోకి పోయే స్వల్ప కరెంటును విడిగా కొలిచే సున్నితమైన ఎర్త్ ఫాల్ట్ రిలేలు ఉన్నాయి. వాటిని మరీ సున్నితంగా అమరిస్తే, హామ్ ఔత్సాహికుని గడ్డపార సర్క్యూట్ లాగే, దోషం లేకున్నా లైను మాటిమాటికీ పోతుంది. సరఫరా పోతే వేరుసెనగకు తడి అందదు, సబ్‌స్టేషనుకు ఫోన్లు మోగుతాయి. అమరికను సడలించమని వచ్చే ఒత్తిడి సామాన్యమైనది కాదు. రాగిపోగు వేసిన చేతిదీ అదే ఒత్తిడి.